లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను ‘ఒప్పంద పత్రం’ అనవచ్చా?

మిత్రులారా, బాలానగర్‌లోని ఒక గోదాము అద్దె కాగితాల తెలుగు అనువాదాన్ని సరిచూస్తున్నాను. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఉన్నచోట ఎవరో ‘ఒప్పంద పత్రం’ అని రాశారు. అది చదివిన యజమాని అద్దె ఖాయమైందనుకుని, గోదాము అడగవచ్చిన మరొకరిని తిప్పి పంపేశారు. మూలంలో ఉన్నది మాత్రం ‘ఈ షరతులపై ఒప్పందం చేసుకోవాలనుకుంటున్నాం’ అనే. నాకు చాలా బాధ కలిగింది.

చట్టరీత్యా అమలు చేయించుకోదగ్గ ఒప్పందమే కాంట్రాక్టు అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. లెటర్ ఆఫ్ ఇంటెంట్ మున్ముందు కాంట్రాక్టు కుదుర్చుకోవాలన్న ఉద్దేశాన్ని తెలుపుతుందే తప్ప, కుదుర్చుకుని తీరాలని ఎవరినీ కట్టిపడేయదని సుప్రీంకోర్టు 2006లో డ్రెస్సర్ రాండ్ కేసులో అంది. అయితే పేరొక్కటే చూసి తేల్చలేం. వివరాలు గోప్యంగా ఉంచాలన్న షరతును అందులోనే కట్టుబడేలా రాసుకోవచ్చు. మొత్తం కాగితమే అంగీకారంలా రాస్తే అది కాంట్రాక్టు కూడా కావచ్చు.

నా ఓటు ‘ఉద్దేశ లేఖ’కు. పత్రం అనగానే మనకు దానపత్రం, క్రయపత్రం గుర్తొస్తాయి, పని పూర్తయిందనిపిస్తుంది. ‘అంగీకార పత్రం’ అయితే మరీ తప్పుదారి. ఇంకొక మాట: దయచేసి ‘ఉద్దేశ్య లేఖ’ అనకండి. ఉద్దేశ్యం వ్యాకరణంలోని మాట: ‘సీత తెలివైనది’ అన్న వాక్యంలో ఎవరి గురించి చెబుతున్నామో ఆ సీత ఉద్దేశ్యం, ఆమె గురించి చెప్పిన ‘తెలివైనది’ విధేయం. మనసులో అనుకున్నది ఉద్దేశం.

— పెళ్లి సంబంధాల్లో తాంబూలాలు పుచ్చుకోకముందు ‘మాట అనుకున్నారు’ అంటాం కదండీ, ఇదీ అలాంటిదే. ఇల్లు కొనేటప్పుడు బయానా ఇచ్చాక ఎవరూ అలా అనరు. ‘తలంపు లేఖ’ అంటే ఇంకా తెలుగుగా ఉండదా?

మీ పోలిక చక్కగా ఉందండీ, యజమానికి అలాగే వివరిస్తాను. కానీ తలంపు ఇట్టే వచ్చి ఇట్టే పోతుంది. ఇక్కడ అద్దె ఎంత, ఎన్నేళ్లకు అన్నది ఆలోచించుకుని సంతకం చేస్తున్నారు. ఉద్దేశంలో ఆ నిలకడ ఉంది.

— పత్రికల్లో ‘అవగాహన ఒప్పందం’ అని వస్తుంటుంది. దాన్నే ఇక్కడా వాడేస్తే?

అది ఎంఓయూకు, అంటే మెమొరాండం ఆఫ్ అండర్‌స్టాండింగ్‌కు స్థిరపడిన మాటండీ. పైగా అందులోనూ ‘ఒప్పందం’ ఉంది, యజమాని మళ్లీ అక్కడే పొరపడతారు. ‘ఉద్దేశ లేఖ’ అని శీర్షిక మార్చి, దాని కిందే ‘ఇది అద్దె ఒప్పందం కాదు’ అని ఒక వాక్యం చేర్చమని ఈ సాయంత్రం వాళ్ల వకీలును అడుగుతాను.