డెనోసుమాబ్ ఇస్తుండగా జైంట్ సెల్ ట్యూమర్ క్యాన్సర్‌గా మారితే, తప్పు మందుదేనా?

నెల్లూరు_ఆర్థో:
ఎముకలో పెరిగే, సాధారణంగా క్యాన్సర్ కాని జైంట్ సెల్ ట్యూమర్‌కి డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఇస్తుండగా అదే చోట సార్కోమా (ఎముక, మెత్తటి కణజాలాల్లో వచ్చే క్యాన్సర్) బయటపడిన కేసులు వైద్య పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మందుకి ఇందులో పాత్ర లేదని కొట్టిపారేయడం తొందరపాటే. ఈ గడ్డలో అసలు కణితి స్ట్రోమల్ కణాలది (ఆధార కణజాలపు కణాలు). అవి ర్యాంక్ లైగాండ్ అనే ప్రోటీన్ తయారుచేసి, ఎముకను తినే జైంట్ కణాల్ని పోగుచేస్తాయి. మందు ఆ లైగాండ్‌ని పట్టేస్తుంది. జైంట్ కణాలు పోతాయి, స్ట్రోమల్ కణాలు మాత్రం చావవు. ఏళ్ల తరబడి మందు ఇస్తే అన్నేళ్లూ కొత్త ఎముక మధ్య బతికే ఉంటాయి.

స్లైడ్‌బాక్స్:
బతికున్నంత మాత్రాన మందే మార్చిందనలేం సార్. ఈ మందు రాకముందూ ఈ మార్పు ఉంది, ముఖ్యంగా రేడియేషన్ ఇచ్చిన గడ్డల్లో. 2019లో వెలువడిన డెనోసుమాబ్ రెండో దశ ట్రయల్‌లో, 500 మందికి పైగా రోగుల్లో, సార్కోమాగా మారినవి సుమారు 1 శాతమే. పాత లెక్కల్ని మించలేదు.

నా అనుమానం మొదటి బయాప్సీ మీద. సూదికి అందిన ముక్కలో జైంట్ కణాలు నిండుగా కనిపిస్తాయి, పక్కనున్న సార్కోమా భాగం అందదు. కొన్ని నెలలకి అది పెరిగితే 'మారింది' అంటాం. దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉంది. మందు తర్వాత స్లైడులో జైంట్ కణాలుండవు, కుదురుకోని కొత్త ఎముక మాత్రం కనిపిస్తుంది. మందు సంగతి బయాప్సీ ఫారంలో రాయకపోతే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌గా చదివే ప్రమాదం ఉంది. జి34డబ్ల్యు స్టెయిన్ (ఈ గడ్డ కణాల్లోని జన్యుమార్పును చూపే రంగు పరీక్ష) పడితే జైంట్ సెల్ ట్యూమర్ వంశమని తెలుస్తుంది, అది ఇంకా నిరపాయకరమేనని కాదు. మారిన గడ్డలో ఆ స్టెయిన్ పోవచ్చు కూడా. కాబట్టి కేంద్రకాల తీరు, అసహజ మైటోసిస్‌లు (కణ విభజనలు) చూడాల్సిందే.

కీమో_రౌండ్స్:
కారణం ఏదైనా, ఆలస్యం కాకుండా చూడటం మన చేతిలో ఉంది. డెనోసుమాబ్ డోసు 120 మిల్లీగ్రాములు చర్మం కింద, 4 వారాలకోసారి. మొదటి నెలలో 8వ, 15వ రోజు అదనపు డోసులు. ముందే పళ్లు చూపించి, రక్తంలో కాల్షియం సరిచేయాలి. మందు పనిచేస్తే నొప్పి కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, సీటీ స్కాన్‌లో గడ్డ అంచు గట్టిపడుతుంది. తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా, ఎముక దాటి మెత్తటి గడ్డ పెరిగినా తర్వాతి డోసు ఆపి, గట్టిపడని భాగం నుంచే బయాప్సీ తీయాలి. 'మందుకి లొంగలేదేమో, ఇంకో రెండు డోసులు చూద్దాం' అనడం దగ్గరే సమయం పోతుంది.

నెల్లూరు_ఆర్థో:
1 శాతం సరే. కానీ ఆ ట్రయల్‌లో పోల్చడానికి మందు తీసుకోని గుంపు లేదు. పైగా పాత లెక్కల్లో రేడియేషన్ కేసులు కలిసి ఉన్నాయి. వాటితో సమానమంటే నాకు ఊరట కాదు. త్రికాస్థిలో (నడుము కింద వెన్నెముక చివరి ఎముక) గడ్డ ఉండి, తీస్తే మూత్రంపై అదుపు పోతుందనుకుంటే మందు ఇవ్వండి, నేనూ ఇస్తాను. కురెటాజ్‌తో, అంటే గీకి తీసే ఆపరేషన్‌తో, పోయే గడ్డకి ఎందుకు? గట్టిపడిన అంచులో కణాలు దాక్కుంటాయి, గీకే పరికరం క్యూరెట్‌కి అందవు. మందు ఇచ్చి గీకిన గడ్డలు ఎక్కువగా తిరిగొస్తున్నాయని పలు అధ్యయనాలు చెప్పాయి.

స్లైడ్‌బాక్స్:
ఆ చివరి మాట ఒప్పుకుంటాను. ఒక్క వినతి: రెండో బయాప్సీ పంపేటప్పుడు మొదటి బయాప్సీ బ్లాకులు (మైనంలో దాచిన కణజాలపు ముక్కలు), అప్పటి ఎక్స్-రే, చివరి ఇంజెక్షన్ తేదీ కలిపి పంపండి. పక్కపక్కన పెట్టి చూస్తేనే సార్కోమా మొదటే ఉందా, తర్వాత వచ్చిందా అన్నది కొంతైనా తేలేది.