విదేశాల్లో కిడ్నీ మార్పిడి చేయిస్తామంటున్నారు, నమ్మొచ్చా?

హనుమకొండ వాసి: మా బావకి డయాలసిస్ నడుస్తోంది. ఒక ఏజెంట్ వచ్చి పాస్‌పోర్టు, డబ్బులిస్తే చాలు, దాతని అక్కడే చూస్తామన్నాడు. అక్క అప్పు తేవడానికి సిద్ధంగా ఉంది, నాకు టెన్షన్‌గా ఉంది.

కరీంనగర్ నుంచి: అస్సలు వద్దు అన్నా. అవయవాల కొనుగోలు మన దగ్గర 1994 చట్టం ప్రకారమే నేరం. 2011 సవరణలో 5 నుంచి 10 ఏళ్ల జైలు, కనీసం 20 లక్షల జరిమానా పెట్టారు, 2025లో మన అసెంబ్లీ కూడా ఆ సవరణకి ఒప్పుకుంది. అక్కడ దాతకి ఏ పరీక్షలు చేశారో తెలియదు, ఇన్ఫెక్షన్‌తో తిరిగొస్తే ఇక్కడి డాక్టర్ చేతిలో సరైన కాగితం కూడా ఉండదు. ముందు జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్ల అవయవాలు రోగులకి ఇప్పించే ప్రభుత్వ పథకం) పేరు రాయించండి, మార్పిడికి అనుమతి ఉన్న ఆసుపత్రి ద్వారానే రాస్తారు.

జగిత్యాల నుంచి: అమ్ముకునేవాళ్ల గురించీ ఆలోచించండి. మా వైపు గల్ఫ్ అప్పుల్లో ఉన్నోళ్లు ఎందరో, ఇలాంటి ఏజెంట్లు వెతికేది వాళ్లనే. 2024లో కేరళలో బయటపడ్డ అవయవాల అమ్మకం కేసులో పేదోళ్లని ఇరాన్ తీసుకెళ్లారు. ఆ ఏజెంట్ మీద పోలీసులకి చెప్పండి, ఊరుకుంటే ఇంకో ఇంటికి పోతాడు.

హనుమకొండ వాసి: అక్క రక్తం గ్రూపు కలవలేదు, అందుకే ఇంత దూరం వచ్చింది.

కరీంనగర్ నుంచి: అయితే స్వాప్ గురించి అడగండి, ఇలాంటి ఇంకో జంటతో దాతల్ని మార్చుకోవడం చట్టబద్ధమే.