హోలీవెల్ నిధి వేట: దారి చూసొచ్చాం, ఇక పనులు పంచుకుందాం

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. వేల్స్‌లోని హోలీవెల్‌లో మన నిధి వేట దారంతా నిన్న నడిచి చూశాం. సెయింట్ వినిఫ్రెడ్ బావి దగ్గర మొదలుపెట్టి, గ్రీన్‌ఫీల్డ్ లోయలో దిగుతూ బేసింగ్‌వర్క్ మఠం శిథిలాల దాకా మైలు పైచిలుకు. చాలావరకు పాత రైలు కట్టే. 1954లో ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. 27 అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు అది, పెద్దవాళ్లతో, స్ట్రోలర్లతో ఎక్కలేం. మిగతా కార్లు కింద మఠం దగ్గర పెట్టి, కొన్ని కార్లలో అందరినీ పైన బావి దగ్గరికి చేర్చాలి. నలుగురు డ్రైవర్లు కావాలి.

ఇంకొకటి. బావి ప్రాంగణంలో ఒక్క చీటీ కూడా దాచొద్దు. వినిఫ్రెడ్ తల తెగిపడిన చోట ఊట పుట్టిందని, ఆమె మేనమామ బ్యూనో ఆ తలను అతికించి బతికించాడని అక్కడివాళ్ల నమ్మకం. జబ్బు నయం కావాలని ఇప్పటికీ ఆ నీళ్లలో మునుగుతారు. మహానంది కోనేటి దగ్గర ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి. పది నిమిషాలు నిశ్శబ్దంగా చూసి బయటికొద్దాం, ఆట ఆ తర్వాతే.

పిల్లల ఆటల బృందం:
సరే అన్నా. అయితే మొదటి చీటీ గేటు బయట ఇస్తాం: "నేల కింద గని తవ్వితే, నేల మీద నేను ఎండిపోయాను. ఏ ఏడు?" జవాబు 1917. గని నీళ్లు తోడే సొరంగం ఊటనే లాగేసిందట! తర్వాత వేరే భూగర్భ జలం మళ్లించారు. లోపల శ్రద్ధగా చూసినవాళ్లు ఇట్టే చెప్పేస్తారు.
మెడో మిల్ దగ్గర: "చెక్క ఓడకు రాగి చొక్కా. ఆ గుడ్డ నేసిందెవరు?" 1787లో కట్టిన ఆ మిల్లులో రాగి రేకులు సాగదీసేవారు.

భోజనాల బృందం:
పులిహోర, పెరుగన్నం మా పూచీ. తమ్ముడూ, బ్యాటరీ వర్క్స్ దగ్గర, అదే ఇత్తడిని సుత్తులతో కొట్టే ఆ పాత కార్ఖానా దగ్గర, ఏం చెప్తున్నారు? అక్కడ సాగగొట్టిన ఇత్తడి గిన్నెలు ఆఫ్రికాలో బానిసల వ్యాపారానికి కూడా వెళ్లాయి. మావాడికి పన్నెండేళ్లు, అది తెలియాలి వాడికి.

పిల్లల ఆటల బృందం:
నిజమే అక్కా. పదేళ్లు దాటినవాళ్లకు అక్కడ ఆట ఆపి, కూర్చోబెట్టి చెప్తాం. చెప్పే బాధ్యత నువ్వే తీసుకుంటావా?

భోజనాల బృందం:
తీసుకుంటా. నా బదులు వడ్డనకు ఇద్దరు రండి.

సమన్వయకర్త:
వడ్డనకు నేనొకణ్ని. డ్రైవర్లు ఇంకా ఇద్దరు తక్కువ. శుక్రవారంలోగా పేర్లివ్వండి.