సైకిల్లో ఇరుక్కున్న నోడ్లను ఒకటి చేశాక, దానికి పేరేం పెట్టాలి?

మద్దిలపాలెం_కుర్రోడు: మా సాఫ్ట్‌వేర్‌లో ఏ మాడ్యూల్ (కోడులో ఒక భాగం) దేన్ని వాడుకుంటుందో గ్రాఫ్ గీస్తున్నా. ఒక్కో మాడ్యూల్ ఒక నోడ్, అంటే ఒక బాక్సు; వాడకానికి ఒక బాణం. అనవసరపు బాణాలు తీసేద్దామని గ్రాఫ్‌విజ్‌లో (గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్) 'ట్రెడ్' అనే కమాండ్ నడిపితే సైకిల్ ఉందని, అంటే బాణాల వెంట వెళ్తే తిరిగి మొదటికే వస్తున్నామని, వార్నింగ్ ఇచ్చింది. సైకిల్ ఉంటే ఏ బాణం తీయాలో ఒకే జవాబు ఉండదట. అందుకని సైకిళ్లలో ఇరుక్కున్న నోడ్లను వెతికే టార్జన్ 1972 నాటి అల్గారిదంతో బిల్లింగ్, అకౌంట్స్, స్టాక్ మూడింటినీ ఒకే నోడ్ చేశా. లేబుల్ ఏమివ్వాలి?

ఉక్కునగరం: అక్షరక్రమంలో ముందొచ్చేది. అకౌంట్స్. మిగతావి లోపల జాబితాగా ఉంచు.

గాజువాక_కోడర్: ఈ పద్ధతి నా నెత్తిమీదకి ఎలా వచ్చిందో చెప్తా వినండి. పాత ఆఫీసులో అకౌంట్స్ నాది. ఎవరెవరి మాడ్యూళ్లో కలిసిన ముద్దకి నా పేరే పడింది. మీటింగ్‌లో తప్పెవరిదైనా అక్షింతలు నాకే. పేర్లన్నీ ప్లస్ పెట్టి రాయాలి, అంతే.

ఉక్కునగరం: పన్నెండు కలిస్తే ఆ బాక్సు సిరిపురం నుంచి జగదాంబ దాకా సాగుతుంది. పైగా రేపు ఇంకోటి సైకిల్లో చేరితే లేబుల్ మారుతుంది. నిన్నటి గ్రాఫ్‌తో పోల్చే స్క్రిప్టు పాత నోడ్ పోయింది, కొత్తది వచ్చిందంటుంది.

సీతమ్మధార: నెట్‌వర్క్‌ఎక్స్‌లో (పైథాన్ లైబ్రరీ) ఇలా కలిపే 'కండెన్సేషన్' అనే ఫంక్షన్ 0, 1, 2 అని నంబర్లిస్తుంది. అసలు పేర్లు 'మెంబర్స్'లో ఉంటాయి. గొడవే లేదు.

ఉక్కునగరం: నోడ్లు వేరే వరుసలో చేర్చి చూడండి, ఆ నంబర్లు ఉంటాయో మారతాయో.

గాజువాక_కోడర్: మరి అకౌంట్స్ సైకిల్లోంచి బయటపడితే మీ పేరు మారదా?

కంచరపాలెం: గ్రాఫ్‌విజ్ చదివే డాట్ ఫైల్లో ఐడీ (ప్రోగ్రాం గుర్తుపట్టే పేరు) వేరు, లేబుల్ (బొమ్మలో కనిపించేది) వేరు కదా. ఏటి గురూ ఈ యుద్ధం?

గాజువాక_కోడర్: తెలుసు లెండి. ఆయన్ని జవాబు చెప్పమనండి.

ఉక్కునగరం: మారుతుంది. అప్పుడది వేరే సైకిలే.

గాజువాక_కోడర్: ఓహో! స్టాక్ పోతే అదే నోడు, అకౌంట్స్ పోతే వేరే నోడా?

ఉక్కునగరం: మీకు కావలసింది మీ మాడ్యూల్ పరువు. గ్రాఫ్ కాదు.

గాజువాక_కోడర్: పరువు దాకా వచ్చారు కాబట్టి చెప్తున్నా. ఆ ముద్దకి చక్కటి పేరు ఉండనే కూడదు. పేరు కుదిరిందంటే అదొక మాడ్యూలే కాబోలని అందరూ వదిలేస్తారు. లేబుల్ చూడగానే కంపరం పుట్టాలి. అప్పుడే ఎవడైనా విడగొడతాడు.

ఉక్కునగరం: విడగొట్టనిచ్చేదెవరు సార్? నేను చూసుకునేది ఎవరో రాసి వెళ్లిపోయిన కోడు, ముట్టుకోవడానికి పర్మిషన్ లేదు. ఆ సైకిల్ నేను రిటైరయ్యాకా ఉంటుంది. రోజూ దాన్నొక పేరుతో పిలవగలిగితే నాకు చాలు.

కంచరపాలెం: అదీ, ఇప్పుడు అర్థమైంది.

మద్దిలపాలెం_కుర్రోడు: ఐడీకి అక్షరక్రమం పేరు, లేబుల్‌లో వరుసకొకటి చొప్పున పేర్లన్నీ పెట్టేశా. ట్రెడ్ ఇప్పుడు కిక్కురుమనలేదు. కాకపోతే ఇంకో చిక్కు. బిల్లింగ్ నుంచీ స్టాక్ నుంచీ ప్రింట్‌కి వెళ్లే రెండు బాణాల మీద వేరే వేరే లేబుళ్లున్నాయి. ఇప్పుడవి ఒకే బాణం. దానిమీద ఏం రాయను?

గాజువాక_కోడర్: రెండూ. ప్లస్ పెట్టి.

ఉక్కునగరం: ఏమీ రాయొద్దు.