ఇంటి నుంచి పనిచేసే టీమ్ మీద స్క్రీన్ నిఘా పెట్టాలా, వద్దా?

క్లెయిమ్స్ లీడ్:
మాది పదకొండు మంది టీమ్. ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ సాఫ్ట్‌వేర్ పని. ఐదుగురు హైదరాబాద్‌లో, ఇద్దరు విజయవాడలో, ఇద్దరు బెంగళూరులో, ఒకరు కరీంనగర్‌లో, ఒకరు డల్లాస్‌లో. అందరం ఇంటి నుంచే. వరసగా రెండు రిలీజ్‌లు లేటయ్యాయి. దాంతో పైవాళ్లు పది నిమిషాలకోసారి స్క్రీన్‌షాట్ తీసి, కీబోర్డ్ మీద ఎన్ని నొక్కులు పడ్డాయో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వేద్దామంటున్నారు. శుక్రవారంలోగా నా అభిప్రాయం చెప్పాలి. నాకూ అనుమానాలు లేకపోలేదు. కొందరికి చాట్‌లో మనిషి సిస్టమ్ ముందు ఉన్నట్టు చూపే పచ్చ లైటు రోజంతా వెలుగుతూనే ఉంటుంది, సాయంత్రం చూస్తే కోడ్ ఎక్కడిదక్కడే. మీరైతే ఏం చేస్తారు?

పాతకాపు:
పెట్టండి, మొహమాటం ఎందుకు? ఇరవై రెండేళ్లుగా ఈ ఫీల్డ్‌లో ఉన్నాను. నిజాయితీగా పనిచేసేవాడికి స్క్రీన్‌షాట్‌తో వచ్చే నష్టమేంటి? 2025 కల్లా 25 శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పిన టీసీఎస్సే, 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. 2025 జనవరి నుంచి అమెజాన్‌దీ అదే దారి. అంత పెద్ద కంపెనీలు ఊరికే వెనక్కి పిలుస్తాయా?

రాత్రి డ్యూటీ:
పాతకాపు గారూ, మీరు పెద్దవారు, కానీ ఆ పచ్చ లైటు సంగతి నాకు బాగా తెలుసు. టీమ్స్ అనే ఆఫీసు చాట్ యాప్‌లో ఐదు నిమిషాలు ఏమీ ముట్టుకోకపోతే లైటు పసుపుకి మారుతుంది. మా పాత ఆఫీసులో ఎవరికి ఎన్నిసార్లు పసుపు వచ్చిందో మేనేజర్ వారానికోసారి అందరి ముందూ చదివేవాడు. నా రూమ్మేట్ ఏం చేశాడంటే, వాళ్ల తాతగారి హెచ్ఎంటీ వాచీని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, దాని అద్దం మీద మౌస్ ఉంచేవాడు. సెకన్ల ముల్లు కదిలినప్పుడల్లా స్క్రీన్ మీద బాణం గుర్తు కాస్త వణికేది. వాడు అన్నం వండుకుని, తిని, గిన్నెలు తోముకుని వచ్చినా లైటు పచ్చగానే ఉండేది. రోజూ పొద్దున్నే వాచీకి కీ ఇవ్వడం మాత్రం మర్చిపోయేవాడు కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు 2024లో ఇలాగే కీబోర్డ్ మీద పని నటించారని డజను మందికి పైగా తీసేసింది. మీరు ఏది లెక్కపెడితే జనం అదే తయారుచేసి చేతిలో పెడతారు.

గట్టు మీద:
మాది వ్యవసాయ కుటుంబం, నాకిది ఇలా అర్థమవుతుంది. నాట్లకి రోజుకూలికి పిలిస్తే రైతు గట్టున నిలబడాలి. గుత్తకిస్తే ఎకరానికింత అని మాట్లాడుకుని తన పని తను చూసుకోవచ్చు. ఇంటి నుంచి పని అంటే గుత్తే. మీ పైవాళ్లు గుత్తకిచ్చి, మళ్లీ గొడుగేసుకుని గట్టున కాపలా ఉంటామంటున్నారు.

పాతకాపు:
గుత్త నాట్లు దగ్గర్నుంచి చూశారా ఎప్పుడైనా? తొందరగా కానిచ్చేసి పోవాలని కుదుళ్లు పలచగా వేస్తారు. తీరా కోతలప్పుడు తెలుస్తుంది. ఇక్కడా అంతే, టికెట్ (అప్పగించిన పని) అయిపోయిందని మూసేశాడు కదా అని వదిలేస్తే క్లయింట్ దగ్గర బద్దలవుతుంది.

గట్టు మీద:
అందుకే నాటు అయ్యాక మడిలో దిగి చూసుకోవాలి. ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చూసే కోడ్ రివ్యూ ఉన్నది అందుకే కదండీ. కూలీ ఎంతసేపు నడుం వంచాడో లెక్కపెడితే పలచన తెలియదు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, ప్రొడక్షన్ సపోర్ట్, అంటే క్లయింట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఆగితే వెంటనే చూసే పని, గుత్తకిచ్చేది కాదు. అది నీళ్లు కట్టడం లాంటిది. రాత్రి కరెంట్ ఎప్పుడొస్తే అప్పుడు మడవ దగ్గర మనిషి ఉండాలి. అక్కడ వంతులు రాసి పెట్టుకోవాలి, ఎవరి వంతులో వాళ్లు ఫోన్ ఎత్తి తీరాలి.

లెక్కల పిచ్చి:
ఈ చర్చలో ఎప్పుడూ వచ్చే షాంఘై ప్రయోగాన్ని నేనే ముందు ఎత్తుతాను. సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు చేసింది, 2015లో అచ్చయింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అందరూ ఇక్కడితో ఆగిపోతారు. అక్కడ పని అంటే ఫోన్ కాల్స్, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్లెయిమ్స్ కోడ్ అలా లెక్కకి దొరకదు. పైగా పనితీరు సమానంగా ఉన్నా ఇంట్లో ఉన్నవాళ్లకి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం అయ్యాక మీ ఇష్టం అంటే సగం మందికి పైగా తమ ఎంపిక మార్చుకున్నారు. ఇంటి నుంచి పనిలో వాళ్లకి పెద్ద బాధ ఒంటరితనం.

నిన్నటి ఫ్రెషర్:
అందరూ పనిదొంగల గురించే మాట్లాడుతున్నారు. మా సంగతేంటి? 2021లో భీమవరంలో మా ఇంట్లో, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మొదటి ఉద్యోగంలో చేరాను. ప్రతి మీటింగ్‌లో కెమెరా ఆన్ ఉండాల్సిందే. వెనక కుక్కర్ విజిల్ వస్తే మైక్ ఆన్‌లో ఉందేమోనని టెన్షన్. ఒకసారి ఒక్క ఎర్రర్‌తో రెండు రోజులు కూర్చున్నాను. ఆఫీసులో అయితే పక్క సీటు వైపు తల తిప్పి అడిగేదాన్ని. ఇక్కడ చాట్‌లో ‘హాయ్ సర్’ అని కొట్టడం, చెరిపేయడం, మళ్లీ కొట్టడం. ఆ రెండు రోజులూ నా లైటు పచ్చగానే ఉంది. స్క్రీన్‌షాట్లు తీసుంటే అమ్మాయి ఎంత కష్టపడుతోందో అనుకునేవాళ్లు.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక సీనియర్ అక్క. రోజూ మూడు నుంచి నాలుగు దాకా కాల్ తెరిచి ఉంచేది, కెమెరా లేకుండా. ఎవరూ మాట్లాడక్కర్లేదు, ఎవరి పని వాళ్లదే, డౌటొస్తే అడగడమే. కెమెరా గురించి 2021లో ఒక అధ్యయనం వచ్చింది, 103 మంది ఉద్యోగులతో నాలుగు వారాలు చేశారు. కెమెరా ఆన్ ఉన్నప్పుడు అలసట ఎక్కువట, ఆడవాళ్లకీ కొత్తగా చేరినవాళ్లకీ మరీ ఎక్కువట. అప్పట్లో నేను రెండూ.

పాతకాపు:
ఆ మూడింటి కాల్ బాగుందమ్మా, మా టీమ్‌లోనూ పెడతాను. స్క్రీన్‌షాట్ల మీద నా మాట మాత్రం మారదు.

టెక్సాస్ తెలుగు:
డల్లాస్ వైపు నుంచి ఒక మాట. వేసవిలో మీకూ మాకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మీరు పడుకునే ముందు ఏం అయింది, ఎక్కడ ఆగింది, ఎవరి నుంచి ఏం కావాలి అని మూడు వాక్యాలు రాసి పెడితే మా రోజు మొదలవుతుంది. రాయకపోతే మా రోజంతా పోయినట్టే, మీరు లేచేసరికి మీదీ పోతుంది. నిఘా సాఫ్ట్‌వేర్ ఈ మూడు వాక్యాలు రాయదు.

క్లెయిమ్స్ లీడ్:
అందరికీ థ్యాంక్స్. ఆ మూడు వాక్యాల మాట చదివాక, లేటయిన రెండు రిలీజ్‌ల చాట్ మొత్తం మొదట్నుంచి తిరగేశాను. మొదటిదాంట్లో కరీంనగర్ అబ్బాయి డేటాబేస్ పర్మిషన్ కావాలని మంగళవారం సాయంత్రం 4:20కి అడిగాడు. జవాబు వెళ్లింది గురువారం మధ్యాహ్నం. మధ్యలో రెండుసార్లు గుర్తు కూడా చేశాడు. నేను అనుమానించిన పచ్చ లైటు అతనిదే, ఆ పర్మిషన్ ఇవ్వాల్సింది నేనే. ఇదే పైవాళ్లకి రాసి పంపాను. సపోర్ట్‌కి వంతుల పట్టిక, రోజూ మూడు వాక్యాల నోట్, కొత్తవాళ్ల కోసం ఒక గంట కాల్, మూడు నెలలు చూద్దాం అన్నాను. స్క్రీన్‌షాట్లు వద్దన్నాను. ఒప్పుకుంటారో లేదో.

పాతకాపు:
మరి రెండో రిలీజ్?

క్లెయిమ్స్ లీడ్:
అది మాత్రం మీరన్నట్టు పనిదొంగతనమే. నాలుగు రోజుల పనికి తొమ్మిది రోజులు, నోట్ లేదు, రివ్యూకి పెట్టింది సగం కోడ్. స్క్రీన్‌షాట్ లేకుండానే దొరికిపోయాడు, కాకపోతే నేను ముందే చూడాల్సింది. సోమవారం విజయవాడ వెళ్తున్నాను, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.