బ్రేక్ తొక్కితే పెడల్ కాలిని తంతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 80 మీద మెల్లగా బ్రేక్ వేసినా పెడల్ దడదడా కొడుతోంది, స్టీరింగ్ కూడా వణుకుతోంది. మెకానిక్ ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు జామ్ కాకుండా చూసేది) యూనిట్ పోయిందేమో అంటున్నాడు. దాని రేటు వింటేనే టెన్షన్! బ్రేక్ ఆయిల్ పైపులో డ్యాంపర్ లాంటిదేదైనా, అంటే దెబ్బను మింగేది, బిగిస్తే తగ్గుతుందా?

జవాబు: ఇప్పుడే ఏబీఎస్ జోలికి పోకండి. చక్రం జామ్ అయ్యే పరిస్థితిలోనే, అంటే ఇసుక మీదో తడి రోడ్డు మీదో గట్టిగా తొక్కినప్పుడే, దాని పంపు ఆయిల్‌ను పెడల్‌కు కలిసి ఉండే మాస్టర్ సిలిండర్ వైపు తోస్తుంది. ఆ దెబ్బ కాలికి తెలియడం మామూలే. మీరేమో మెల్లగా తొక్కినా కొడుతోంది అంటున్నారు. 80లో చక్రం సెకనుకు దాదాపు 12 చుట్లు తిరుగుతుంది, 40లో 6. స్పీడు తగ్గేకొద్దీ దెబ్బలూ నెమ్మదిస్తే డిస్కునే అనుమానించాలి.

ప్రశ్న: అవునన్నా, స్పీడుతో పాటే నెమ్మదిస్తోంది. కానీ డిస్కు నున్నగానే ఉంది.

జవాబు: చేతికి తెలియదు. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, తలవెంట్రుకలో మూడో వంతు కూడా ఉండదు. ఆ మందం భాగం ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా వాటిని నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. బ్రేక్ ఆయిల్ నొక్కుకుపోయేది కాదు కాబట్టి ఆ తోపు నేరుగా మీ కాలికే వస్తుంది. మైక్రోమీటర్‌తో (సన్నటి మందాలు కొలిచే పరికరం) డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిపించండి.

లేత్ పట్టించే ముందు, అంటే డిస్కును చెక్కించి సమం చేయించే ముందు, డిస్కు విప్పించి అది కూర్చునే హబ్ ముఖం చూడండి. అక్కడ తుప్పు ఉంటే డిస్కు వంకరగా కూర్చుంటుంది. తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ప్యాడ్‌కు రాసుకుని అరుగుతుంది. కొత్త డిస్కులు వేసినా కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యేది అందుకే. వైర్ బ్రష్‌తో రుద్దించండి, ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ పిన్నులకు బ్రేక్ గ్రీజు పెట్టించండి. వీల్ నట్లను ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించనివ్వకండి, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్ వాడమనండి. డిస్కు మీద కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. అంతకన్నా తగ్గేట్టయితే లేత్ వద్దు, రెండు పక్కలా కొత్తవే వేయించండి.

ఇక డ్యాంపర్ ఆలోచన మానుకోండి. పంపు దెబ్బలు తగ్గించే గది చాలా ఏబీఎస్ యూనిట్లలో ముందే ఉంటుంది. మధ్యలో మెత్తటిది ఇంకోటి పెడితే పెడల్ స్పాంజిలా దిగిపోతుంది.

ఇంకొకరు: స్టీల్ అల్లిక ఉన్న హోసులు వేస్తే?

జవాబు: అదురు ఇంకా ఎక్కువ తెలుస్తుందండీ. రబ్బరు హోసు కొంచెం ఉబ్బి కొంత దెబ్బ తనే మింగుతుంది. అల్లిక హోసు అంత ఉబ్బదు.