'సెట్' ఎక్కడ ఏ అర్థంలో వచ్చిందో గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న:
ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం చేసేటప్పుడు 'సెట్' దగ్గర చేయి ఆగిపోతోంది. నిఘంటువు తీస్తే పేజీలకు పేజీలు. అర్థం పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా? అసలు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

జవాబు 1:
ముందు క్రియకు కర్మ ఉందో లేదో చూడండి. ఉంటే చాలాచోట్ల మన 'పెట్టు' సరిపోతుంది: అలారం పెట్టు, నిప్పు పెట్టు, తేదీ పెట్టు. అన్నిచోట్లా కాదు. విరిగిన ఎముకను సెట్ చేయడమంటే ముక్కలను సరైన చోటికి తెచ్చి కుదర్చడం. ప్రశ్నపత్రమైతే తయారుచేయడం.

కర్మ లేకపోతే అది దానంతటదే జరిగే పని. సూర్యుడు అస్తమిస్తాడు, జెల్లీ గడ్డకడుతుంది, సిమెంటు బిగుసుకుంటుంది. సిమెంటు దగ్గర ఒక జాగ్రత్త: బిగుసుకోవడం గంటల్లో అయిపోతుంది, బలం పుంజుకోవడం వారాల తరబడి సాగుతుంది. రెండోదాన్ని 'హార్డెనింగ్' అంటారు. రెంటికీ 'గట్టిపడటం' అని రాస్తే సాంకేతిక పాఠం పాడైనట్టే.

జవాబు 2:
పక్కనున్న చిన్న మాటను అస్సలు వదలకండి, ఎక్కువ తప్పులు అక్కడే. 'సెట్ ఆఫ్ ది అలారం' అంటే అలారం ఆపేయడం అనుకుంటారు. కాదు, మోగేలా చేయడం! కర్మ లేకుండా 'సెట్ ఆఫ్' వస్తే ప్రయాణం మొదలుపెట్టడం.

'సెట్ ఎసైడ్' ఇంకా ప్రమాదం. డబ్బయితే పక్కన పెట్టడమే. పైకోర్టు కింది కోర్టు తీర్పును సెట్ ఎసైడ్ చేస్తే మాత్రం కొట్టివేసిందని రాయాలి. 'పక్కన పెట్టింది' అంటే ఏదో వాయిదా వేసిందనుకుంటారు చదివేవాళ్లు.

జవాబు 3:
మూలం గురించి: క్రియ పాత ఇంగ్లిష్ 'సెట్టన్' నుంచి వచ్చింది. అది 'సిట్'కు ప్రేరణార్థకం, అంటే కూర్చోబెట్టు. సమూహం అనే అర్థమున్న నామవాచకం దారి వేరు: లాటిన్ 'సెక్టా', అక్కడినుంచి పాత ఫ్రెంచ్ 'సెట్'. రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అన్నిటికన్నా పొడవైన పద్దు 'సెట్' క్రియదే, సుమారు 60,000 మాటలు. తర్వాతి సవరణల్లో 'రన్' దీన్ని దాటింది.

జవాబు 4:
తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు కూడా చూసుకోండి. 'ఈ పని నాకు సెట్ కాదు' అన్నదాన్ని అదే క్రియతో రాస్తే ఇంగ్లిష్ వాళ్లకు అర్థం కాదు, అక్కడ 'సూట్' వాడాలి. 'బండి సెట్ చేశాడు' అన్నచోట 'ఫిక్స్'.